మా ఎర్రమేక వాళ్ళదట

ఫోన్ చేసినప్పుడల్లా మీరిద్దరూ అనే మొదటి మాట ఒకటే: "అవ్వా, కొంచెం గట్టిగా మాట్లాడు." నా గొంతు చిన్నప్పటి నుంచీ ఇంతే. కోపం వస్తే ఇంకా తగ్గిపోతుంది. మీ తాతకు అదే భయం. "అరువు మే, అరిస్తే అయిపోతాది. నువ్వు గొణుగుతాంటే నాకు ముద్ద దిగదు" అనేవాడు. అందుకే ఈ సంగతి ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. కాగితం మీద గట్టిగా మాట్లాడమని ఎవరూ అడగరు.

చిన్నోడా, నువ్వు చెన్నై నుంచి పంపిన మాట్లాడే డబ్బాతోనే మొదలుపెడతాను. పెరుగు ముంతంత ఉంటుంది, నెత్తిన నీలం లైటు తిరుగుతుంది. "ఏం కావాలన్నా అడుగవ్వా, పాటలు పెడుతుంది, వాన ఎప్పుడొస్తుందో చెబుతుంది" అన్నావు. వాన సంగతి చెబుతానంటే అనంతపురం మనిషి ఎవరు కాదంటారు? అడిగాను. "ఈరోజు ఆకాశం నిర్మలంగా ఉంది" అని ఎంతో సంతోషంగా చెప్పింది. ఆషాఢమాసంలో ఆకాశం నిర్మలంగా ఉందని సంతోషపడే గొంతును నేను అంతవరకు వినలేదు. ఆ రోజే దాని మీద నాకు సగం మనసు విరిగింది.

మిగతా సగం అది నా మాట వినకపోవడం వల్ల విరిగింది. "పాట పెట్టప్పా" అంటే "క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది. "యాడుండావు, పలకవేం" అంటే మళ్ళీ క్షమించమంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను మాట్లాడుతున్న భాష దానికి అర్థం కాదు, పైగా తప్పు నా గొంతుదన్నట్టు "మరోసారి స్పష్టంగా చెప్పండి" అని నాకే బుద్ధి చెబుతుంది. ఇంట్లో మనిషి అట్లా మాట్లాడి ఉంటే నేను రెండు రోజులు పలకరించేదాన్ని కాదు.

ఈ బుక్కరాయసముద్రం ఇంట్లో నేనూ మీ అత్తా పైన ఉంటే, కింది వాటాలో ఒకామె ఉంటుంది. ఆమె గొంతుకు ఫోన్ కూడా అక్కర్లేదు, మెట్ల కింద నుంచి పిలిస్తే వీధి చివర దుకాణంవాడు పలుకుతాడు. ఒకరోజు చింతపండు కోసం పైకి వచ్చింది.

"ఏమ్మా, డబ్బాతో కొట్లాడ్తాండావా?"

"నా మాట దీనికి పట్టడంలేదు."

"మనం మనమాదిరి మాట్లాడితే పట్టదమ్మా. టీవీలో వార్తలు సదివేదాని మాదిరి మాట్లాడల్ల. సూడు. ఏం పాట కావల్ల నీకు? పొద్దున్నుంచి ఏందో గొణుగుతాండావు గదా, అది అడుగుదాం."

నాకు నవ్వొచ్చింది. "అది మా అక్క కట్టిన పాట. ఎర్రమేక పాట. డబ్బాలో యాడుంటాది?"

ఆమె నడుము నిటారుగా పెట్టుకుని, పెళ్ళి ఫోటోకు నిలబడినట్టు నిలబడి, "దయచేసి ఎర్రమేక పాట వినిపించండి" అంది.

అది వినిపించింది.

ముందు రోడ్డు తవ్వే మిషన్ మాదిరి ఒకటే మోత. దాని మీద ఎవరో పిల్ల ముక్కుతో పాడుతోంది:

ఎర్రమేక ఇల్లు దూరె సూడక్కా
ఇత్తనాల గంప దోసె సూడక్కా

కిందింటామె చప్పట్లు కొట్టింది. "ఓయమ్మా, ఇది డీజే పాట గదమ్మా! వినాయక చవితికి మా వీధిలో పొద్దుగూకులూ ఇదే పెట్టినారు. పిల్లోల్లు కిందామీదా పడి దుంకినారు. ఇది మీ అక్క కట్టిందా? ఎంత గొప్పలు చెప్పుకుంటావమ్మా!"

నేను డబ్బా వైపు వంగాను. ఎందుకంటే అప్పుడే మోత ఒక్కసారి ఆగింది. ఆగినచోట ఒక గొంతు "సూడక్కా" అంది. కత్తెరతో కత్తిరించినట్టు అక్కడే తెగిపోయి, మళ్ళీ "సూడక్కా", మళ్ళీ "సూడక్కా". ఎక్కిళ్ళు పెట్టినట్టు. అది మా అక్క గొంతు, మీ పెద్దవ్వ గొంతు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ గొంతు వెనకాల సన్నగా, పక్కగదిలో నుంచి వచ్చినట్టు, "సూడూ" అని ఇంకొకటి. అది నాది.

పెద్దవ్వను మీరు పండగలకు చూడటమే గాని, ఆమె సంగతులు మీకు అంతగా తెలియవు. ఆమెను పామిడి దగ్గర పల్లెకే ఇచ్చారు, నన్ను కూడా అక్కడికే ఇచ్చారు, నాలుగు వీధుల దూరంలో. తొలకరికి, అదే ముంగారు వానకు, ముందు విత్తనం చెనక్కాయలు ఒలిచే పని ఉంటుంది. విత్తనానికి చేత్తోనే ఒలవాలి, మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, పగిలిన పప్పు మొలవదు. ఆడవాళ్ళు పది పన్నెండు మంది ఒక ఇంటి వసారాలో కూర్చుంటారు. బొటనవేళ్ళు మంటలు పుడతాయి. ఆ మంట తెలియకుండా పాట. పాట ఎత్తేది పెద్దవ్వ, అందుకునేది మేము.

ఆ పాటకు ఒక పద్ధతి ఉంది. రాగం ఒకటే, మాటలు ఇంటింటికీ వేరు. ఏ ఇంట్లో కాయలు ఒలిస్తే ఆ ఇంటిని ఎత్తిపొడుస్తూ అప్పటికప్పుడు ఒక చరణం కట్టాలి. అత్త గయ్యాళిదైతే అత్త మీద. బెల్లం పెడతానని పెట్టకపోతే బెల్లం మీద. ఇంటివాళ్ళు కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే దాని మీద ఇంకో చరణం వస్తుంది. ఆ చరణం ఆ ఇంటిది. దాన్ని పక్కింట్లో పాడరు, పక్కింటికి వాళ్ళ తప్పులు వాళ్ళకున్నాయి కదా.

మా ఇంటి తప్పు ఎర్రమేక. ఆ ఏడు నాకు జ్వరమొచ్చి మధ్యాహ్నం నడుం వాల్చితే, అది తాడు తెంపుకుని వసారాలోకి వచ్చి ఒలిచిన విత్తనంలో మూతిపెట్టింది. మర్నాడు పెద్దవ్వ మా వసారాలోనే కూర్చుని ఎత్తుకుంది. ఆ రెండు వరుసల తర్వాత ఇంకా ఉంది:

కట్టుకొయ్య కునుకుదీసె సూడక్కా
కట్టినమ్మ గురకబెట్టె సూడక్కా

నేను గురక పెట్టను. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

సరిగ్గా ఆ రోజే జీపులో ముగ్గురు వచ్చారు. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర ముంగిసకు మల్లే బొచ్చున్న మైకు. అందులో పెద్దాయన పెద్దవ్వ ముందు గొంతుక్కూర్చుని, "మీ పాటలు అంతరించిపోతున్నాయమ్మా. మేము భద్రపరుస్తాం" అన్నాడు.

"పోతాండాయా? యాడికి?" అంది పెద్దవ్వ. "ఈడనే ఉండాయి గదప్పా."

అందరూ నవ్వారు. మీ తాత లోపలికి పోయి తన టేప్ రికార్డర్ తెచ్చి వాళ్ళ మైకు పక్కనే పెట్టాడు. "వాళ్ళు దాచుకుంటే మనం గూడా దాచుకుందాం" అన్నాడు. పాట అయ్యాక పెద్దవ్వ చెప్పింది, నాకు బాగా గుర్తుంది: "సార్, ఇది మా చెల్లెలింటి పాట. మీ ఇంట్లో కాయలు ఒలిపించుకుంటే మీకూ ఒకటి కడతా." ఆయన అది కూడా పాటలో భాగమనుకున్నాడో ఏమో, తల ఊపి, ఒక శాలువా కప్పి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు భద్రపరిచింది ఇట్లా బయటపడింది. వాళ్ళే అమ్ముకున్నారో, వాళ్ళ దగ్గర నుంచి ఎవరైనా ఎత్తుకున్నారో నాకు తెలియదు. కిందింటామె తన ఫోన్లో వీడియో చూపించింది. ఒక పిల్ల తళతళలాడే లంగా వేసుకుని మేకను కౌగిలించుకుని ఎగురుతోంది. మేక ఎర్రది కూడా కాదు, తెల్లది, మెడలో రిబ్బను. పాటకు సంగీతం కట్టానని చెప్పుకునే ఆయన ఇంకో వీడియోలో కూర్చుని అర్థం చెబుతున్నాడు. ఎర్రమేక అంటే యవ్వనమట. విత్తనాల గంప అంటే మనసట. కట్టుకొయ్య మొగుడట. ఆ చరణం తరతరాల నాటిదట.

నా మేక! నా చేతుల మీద పెరిగిన మేక. అది యవ్వనమూ కాదు, మనసూ కాదు. దానికి ఆకలేసింది, తినింది. పాట కింద రాసినవారు అని ఒక పేరు ఉంది, సంగీతం అని ఒక పేరు, పాడింది అని ఆ పిల్ల పేరు, హక్కులన్నీ అని ఒక కంపెనీ పేరు. మధ్యలో ఎక్కిళ్ళు పెట్టే మనిషి పేరు ఎక్కడా లేదు. మోతకు ఒక వాద్యం తెచ్చుకున్నట్టు ఆమెను తెచ్చుకున్నారు. వాద్యానికైతే బాడుగైనా కడతారు.

పెట్టె అడుగు నుంచి మీ తాత క్యాసెట్ తీసి, ఆటో ఎక్కి అనంతపురం పాతూరులో పాత టేపులు బాగుచేసే సాయిబు దుకాణానికి పోయాను. ఆయన క్యాసెట్ను వెలుతురుకు పెట్టి చూసి, "ఏం పెద్దమ్మా, ఇది నాకంటే ముందు పుట్టినట్టుండాది, దీనికి షుగరు బీపీ ఏమన్నా ఉండాయా?" అన్నాడు. "ఏమీ లేవు, నీ చేతిలో పడినాక వస్తాయేమో" అన్నాను. నవ్వుకుంటూ దాన్ని శుభ్రం చేసి, ఫోన్లోకి ఎక్కించి, ఇద్దరికీ వినపడేట్టు పెట్టాడు.

పెద్దవ్వ గొంతు. మోత లేదు, ఎక్కిళ్ళు లేవు. వెనకాల కాయలు చిటచిటమని పగలడం. ఎవరో దగ్గడం. చివర్లో మీ తాత "ఆపేదా మే?" అనడం. పాట మధ్యలో ఒకచోట సాయిబు చెవులు రిక్కించాడు.

"ఈ వెనకాల మే అంటాండేది ఎవరు పెద్దమ్మా?"

"మేక."

"నిజమైన మేకనా? అరే, ఇదే మే డీజేలో గూడా ఉండాది గదా! మా పిల్లలు అది కీబోర్డు అనుకుంటాండారు!"

ఇంటికొచ్చి ఆ పాట మీ ఇద్దరికీ పంపాను. చిన్నోడా, నువ్వు పెద్దవ్వ ఫోటో పెట్టి, కింద ఆమె పేరు రాసి, అందరికీ వినపడేట్టు నెట్లో ఎక్కించావు. అప్పుడు నాకు నీ మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేదు. పామిడి వైపు నుంచి, పెద్దవ్వతో కలిసి ఒలిచిన ఒకామె మనవరాలి ఫోన్లో విని నాకు చేసింది. "మీ యక్క మా ఇంట్లోకొచ్చి కూచున్నట్టే ఉండాది. మా బెల్లం పాట లేదా మే? ఆ బెల్లం పాట గూడా పెట్టించు" అని ఏడుస్తూ నవ్వింది. బెల్లం పాట ఎవరూ టేపు చేయలేదు. ఈ ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటీ వారం తిరక్కముందే తీసేశారు. ఈ పాట వేరేవాళ్ళ సొత్తు, మీరు వాడుకోకూడదు అని.

ఆ ఆదివారం ముగ్గురం వీడియోలో మాట్లాడుకున్నాం, మీకు గుర్తుంది. పాపా, నువ్వు పుణెలో రాసేది ఇలాంటి ప్రోగ్రాములే కాబట్టి నువ్వు నాకు ఓపిగ్గా చెప్పావు. పాటలను మనుషులు వినరు అవ్వా, ప్రోగ్రాము వింటుంది, ఎవరు ముందు రాయించుకున్నారో వాళ్ళదే అనుకుంటుంది, రెండో దాన్ని దొంగ అంటుంది అని.

"దానికి ముందు పుట్టిందేదో తెలీదా?"

"ముందు రాయించిందే తెలుస్తుందవ్వా. పుట్టింది తెలీదు."

పోయిన ఉగాదికి మీరిద్దరూ పూర్ణం ఓళిగలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మీ మిషన్ భాషల గురించి కొట్లాడుకోవడం నాకు గుర్తొచ్చింది. పాప తన భాషలో ఏ డబ్బాలో ఏం పోస్తావో ముందే చెప్పాలంది. పప్పు డబ్బా అని చెప్పి ఉప్పు పోస్తే అక్కడే ఆపేస్తుందంది. చిన్నోడు తన భాషలో ఆ బాధలేవీ లేవు, ఏదైనా పోసెయ్యి, వండేటప్పుడు చూసుకుంటుంది అన్నాడు. వండేటప్పుడు చూసుకునేవాళ్ళ వంట నేను చాలా తిన్నాను. నేను పాప పక్షమే. అందుకే ఆమెనే అడిగాను.

"ఈ పాట పోసిన డబ్బా మీద ఏమని పేరు రాసినారు?"

"ఓనర్ అని అవ్వా."

"అందరిదీ అని రాసేకి మీ భాషలో మాట లేదా?"

"భాషలో ఏదైనా రాయొచ్చవ్వా. వాళ్ళు ఆ డబ్బా పెట్టలేదు, అంతే."

"పెట్టనిది మిషనా, మనుషులా?"

పాపా, నువ్వే "మనుషులే" అన్నావు.

అప్పుడు చిన్నోడు, "సిస్టమ్ అట్లుంది అవ్వా, ఏం చేస్తాం" అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు కంపెనీ మీద కూడా రాలేదు. సిస్టమ్ అట్లుంది. చదువుకున్నవాళ్ళ నోట ఈ మధ్య ఇదొక్కటే వింటున్నాను. దాన్ని మీ ఈడు పిల్లలే కూర్చుని, కాఫీలు తాగుతూ, జీతాలు తీసుకుంటూ అట్లా రాశారు. అట్లా రాయకుండా కూడా రాయొచ్చని పాప ఇప్పుడే చెప్పింది. మరి అది వానో ఎండో అయినట్టు ఏం చేస్తాం అంటావేమిరా?

"సరే అవ్వా, కోప్పడొద్దు" అన్నావు. "ఈ పాట నాదే అని మనం కూడా నొక్కేద్దాం. క్యాసెట్ ఉంది, సాక్ష్యానికి మేక ఉంది. గెలుస్తాం."

"నాది కాదు గదా నాయనా."

"పెద్దవ్వదని చెబుదాం."

"రాగం పెద్దవ్వది గూడా కాదు. ఆమె వాళ్ళత్త దగ్గర పట్టుకునింది. వాళ్ళత్త ఎవరి దగ్గర పట్టుకునిందో ఎవురికి ఎరుక? పాటంతా మాదంటే మనమూ వాళ్ళూ ఒకటే గదా."

"అయితే నీకు ఏం కావాలి అవ్వా?"

"మా యక్క గొంతు. అది మా యక్కదని వాళ్ళు ఒప్పుకోవల్ల. మళ్ళీ అందరికీ వినపడల్ల. అంతే."

పాప అదే మాట ఇంగ్లీషులో పద్ధతిగా రాసి పంపింది. పాట ఎవరిదని మేము అనడం లేదు, ఈ గొంతు ఫలానా మనిషిది, ఇదిగో మొత్తం టేపు అని. బదులు వచ్చింది. హక్కుదారు పరిశీలించి, హక్కు తమదేనని మళ్ళీ చెప్పారట. ఎత్తుకున్నవాణ్నే పిలిచి, ఎత్తుకున్నావా అని అడిగి, లేదంటే సరే అని పంపించారు. ఇంకోసారి ఎక్కిస్తే చిన్నోడి ఖాతానే మూసేస్తామని ఒక బెదిరింపు.

నా అక్క తన గొంతు తానే దొంగిలించినట్టయింది.

ఆ తర్వాత చాలా రోజులు నేను డబ్బా వైరు పీకి పెట్టాను. మీ అత్త బడి నుంచి వచ్చి, "ఏమ్మా, మళ్ళీ దానితో మాటల్లేవా?" అని ఎగతాళి చేసేది. 

ఈ ఏడు ముంగారు ముందు, కిందింటామె తమ్ముడు ఊరి నుంచి విత్తనం కాయలు బస్తాల్లో తెచ్చి మిద్దె మీద పోశాడు. చేను అతనిదే, ఊళ్ళో ఒలిచేవాళ్ళు దొరకలేదు. ఈ వీధి ఆడవాళ్ళను ఏడెనిమిది మందిని కిందింటామె తన గొంతుతోనే పోగేసింది. నేను కూడా కూర్చున్నాను. ఒలవడం తెలిసినవాళ్ళు తక్కువ, చేతులు ఊరికే నొప్పెట్టాయి.

"అమ్మా, ఆ డీజే పాట నీదంటివి గదా, ఎత్తు సూద్దాం" అంది కిందింటామె. "లేకుంటే ఫోన్లో పెట్టేదా?"

"పెట్టద్దు" అన్నాను.

నేను బతుకంతా పాట అందుకున్నదాన్నే గాని ఎత్తినదాన్ని కాదు. కానీ ఆమె ఫోన్ వైపు చెయ్యి పోతుంటే, ఆ ఎక్కిళ్ళు మళ్ళీ వినలేక ఎత్తుకున్నాను. నా గొంతు ఎంతుంటుందో మీకు తెలుసు. అందరూ కాయలు పగలగొట్టడం ఆపితేగాని వినపడలేదు. ముందు కిందింటామెనే ఎత్తిపొడిచాను, ఆమె నీళ్ళ మోటరు ఆపడం మరిచి వీధంతా తడిపే సంగతి మీద. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కోపం తెచ్చుకుంది, దాని మీద ఇంకో చరణం కట్టాను. అప్పుడు నాకు పెద్దవ్వ జీపువాళ్ళతో అన్నమాట గుర్తొచ్చింది. మీకూ ఒకటి కడతా అంది. కట్టకుండానే పోయింది.

మేడలోని మేక వచ్చె సూడక్కా
మేకపాట మేసిపాయ సూడక్కా
గొంతుముక్క కోసుకోని సూడక్కా
గొంతుగూడ మాదె అనె సూడక్కా

"సూడూ" అని మిద్దె మీద అందరూ అందుకున్నారు. ఎవరి మీద కట్టానో చెప్పాక ఇంకా గట్టిగా అందుకున్నారు. కిందింటామె అదంతా ఫోన్లో పట్టి నీకు పంపింది. నువ్వు నన్ను అడక్కుండానే కొత్త ఖాతా తెరిచి ఎక్కించావు, చిన్నోడా. నేను తిట్టలేదు.

రాత్రి అన్నాలప్పుడు నీ ఫోన్ వచ్చింది.  "అవ్వా, దీన్ని కూడా పట్టుకున్నారు. రాగం కలిసిందట. ఇది కూడా వాళ్ళదే అంటున్నారు. వాళ్ళను తిట్టిన పాట వాళ్ళదేనంట!"

నేను ముద్ద కంచంలో పెట్టేశాను. అన్ని నెలల్లో ఒక్కసారి నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు.

"ఈ తూరి వాళ్ళు సరిగ్గానే చెప్పినారు నాయనా. ఏ ఇంటి మీద కడితే ఆ ఇంటిదే, అది పద్ధతి. ఆ చరణం వాళ్ళదే. మా ఇంటి మేకను ఇచ్చేసి, దాన్ని ఉంచుకోమను."